మెడ గాయమును అదిమిన చేతులు

గుఱ్ఱమునకు మెడ బలస్థానము, అదియే అపాయస్థానము. అచట కంఠసిర చర్మమునకు మిక్కిలి చేరువగా నుండును. అది తెగెనా, నిమిషములు లెక్కింపవలసినదే. సెఫ్టన్ అను గుఱ్ఱపు కథ ఇందుకు సాక్ష్యము.

1982 జూలై 20వ తేదీన లండను నగరమందలి హైడ్ పార్కులో, రాణిగారి గుఱ్ఱపుదళము కావలి మార్పునకు పోవుచుండగా, ఐరిష్ రిపబ్లికన్ సైన్యమువారు కారులో దాచిన మేకుల బాంబు పేలెను. నలుగురు సైనికులు మరణించిరి. ఏడు గుఱ్ఱములు చచ్చినవి. పందొమ్మిదేండ్ల సెఫ్టనుకు 34 గాయములు తగిలెను. కంఠసిర తెగెను, ఎడమకన్ను దెబ్బతినెను, ముఖమున మేకు దిగెను.

ఒక సైనికుడు తన చొక్కా విప్పి మెడ గాయమున అదిమిపట్టెను. అట్లే గుఱ్ఱమును బండిలో దళమువారి సాలకు చేర్చిరి. పశువైద్యాధికారి మేజర్ నోయెల్ కార్డింగ్ ముందుగా రక్తస్రావము నాపెను. శస్త్రచికిత్స ఎనిమిది గంటలు సాగెను.

500 కిలోల గుఱ్ఱమున సుమారు 40 లీటర్ల రక్తముండును. కంఠసిరలు మెడకు ఇరువైపుల గలవు. ఒకటి మూసినను రెండవది శిరస్సునందలి రక్తమును క్రిందికి చేర్చును. గుఱ్ఱము నోటితో ఊపిరి పీల్చలేదు. కావున ముఖమునకు గాయమైనపుడు వాపుచే ముక్కు మూసికొనకుండ కాపాడవలెను.

సెఫ్టన్ కోలుకొని మరల కొలువున నిలిచెను. 1993 వరకు, ముప్పదియేండ్లు జీవించెను. ప్రజల విరాళములతో రాయల్ వెటర్నరీ కళాశాలలో దాని పేర శస్త్రచికిత్సా విభాగము వెలసెను. కాని వైద్యుడు వచ్చునంతవరకు ఆ ప్రాణమును నిలిపినది అదిమిపట్టిన చొక్కాయే.