పారాఫినిలీన్‌డైఅమీన్

పారాఫినిలీన్‌డైఅమీన్ (పి.పి.డి.) అనిలీన్ కుటుంబానికి చెందిన కర్బన సమ్మేళనము. దీని అణువులో 6 కార్బన్, 8 హైడ్రోజన్, 2 నైట్రోజన్ పరమాణువులు ఉంటాయి. శుద్ధ స్థితిలో ఇది తెల్లని ఘనపదార్థం. గాలి తగిలితే క్రమంగా నల్లబడుతుంది. ఇది చర్మానికి తగిలితే అలర్జీని, కడుపులోకి పోతే ప్రాణాపాయాన్ని కలిగించగలదు.

ఉపయోగాలు

రంగుల తయారీ, రబ్బరు, కెవ్లార్ నార పరిశ్రమలలో దీనిని వాడుతారు. జుట్టుకు వేసే నల్ల రంగులలో ఇది ముఖ్యమైన పదార్థం. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసినపుడు ఆక్సీకరణం చెంది, వెంట్రుక లోపలే రంగుగా మారుతుంది. త్వరగా, నల్లగా పండటానికి కొందరు దీనిని గోరింటాకు ముద్దలో కూడా కలుపుతారు.

చర్మము, కళ్ళపై ప్రభావం

చర్మం ఎర్రబడటం, దురద, బొబ్బలు, ముఖం వాపు దీని అలర్జీ లక్షణాలు. ఒకసారి అలర్జీ ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అందువలన ఇన్నాళ్ళూ పడిన రంగు హఠాత్తుగా పడకపోవచ్చు. అద్దకపు కార్మికులకు, క్షౌరవృత్తిలో ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. 1933లో అమెరికాలో ఈ రసాయనమున్న కనురెప్పల రంగు వలన కొందరు స్త్రీల కళ్ళు దెబ్బతిన్నాయి. అక్కడ 1938లో సౌందర్య సాధనాలను చట్టపరిధిలోకి తేవడానికి ఈ ఘటనలు కూడా కారణమయ్యాయి.

కడుపులోకి పోయినపుడు

కొద్ది గంటలలోనే ముఖము, నాలుక, మెడ వాచి ఊపిరి ఆడదు. శ్వాస కోసం గొంతు వద్ద రంధ్రం చేయవలసి రావచ్చు. ఆ తరువాత కండరాలు విచ్ఛిన్నమై, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలుస్తుంది. మూత్రం ముదురు గోధుమ రంగుకు మారుతుంది. మూత్రపిండాలు పనిచేయడం మానవచ్చు. గుండె కండరం కూడా దెబ్బతినవచ్చు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. శ్వాసను కాపాడటం, నరం ద్వారా ద్రవాలు ఎక్కించడం, అవసరమైతే డయాలసిస్ చేయడమే చికిత్స. సకాలంలో వైద్యం అందితే మూత్రపిండాలు తిరిగి కోలుకునే అవకాశం ఉంది.

తెలుగు రాష్ట్రాలలో

జుట్టు రంగు విషప్రభావం తెలుగు రాష్ట్రాల వైద్యులకు పరిచితమైన సమస్య. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) మూత్రపిండ వైద్యులు 2007లో ఇటువంటి కేసులపై వ్యాసం ప్రచురించారు. తక్కువ ధరకు ప్రతి దుకాణంలోను దొరకడం వలన ఈ రంగు అనేక ఇళ్ళలో ఉంటుంది.

జాగ్రత్తలు

* రంగు వేసుకునే 48 గంటల ముందు చెవి వెనుక కొద్దిగా రాసి పరీక్షించాలి.
* చేతి తొడుగులు ధరించాలి. కనుబొమలకు, కనురెప్పలకు వాడరాదు.
* రంగును పిల్లలకు అందకుండా, తాళం వేసి ఉంచాలి.
* ఎవరైనా మింగితే, వాపు కనిపించకపోయినా వేచి చూడక, 108 అంబులెన్సులో వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. రంగు డబ్బాను వెంట తీసుకొని వెళితే వైద్యులకు ఉపకరిస్తుంది.