వెలుగు చేసే చప్పుడు

టెలిఫోన్ కనిపెట్టిన నాలుగేళ్లకు, 1880లో, అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఎండతో ఆడుకున్నాడు. చిల్లుల చక్రం తిప్పుతూ ఎండను తుంచి తుంచి పలచని రబ్బరు బిళ్ల మీద పడనిస్తే బిళ్ల సన్నగా మోగింది. వెలుగు తగిలినచోట పదార్థం వేడెక్కి ఉబ్బుతుంది, ఆగగానే ముడుచుకుంటుంది. ఆ కదలికే చప్పుడు. ఆయన ధ్యాసంతా వెలుతురు మీద మాటలు పంపే ఫోటోఫోన్ మీద ఉంది కనుక ఇది కొసరుగానే మిగిలింది. మరుసటి ఏడు టిండాల్, రాంట్‌జెన్ వాయువుల్లోనూ ఇదే చూశారు. తర్వాత చాలాకాలం దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అంత సన్నటి చప్పుడును పట్టే సాధనం లేదు, గట్టిగా మోగించే వెలుగూ లేదు.

1960లో లేజరు వచ్చాక పరిస్థితి మారింది. ఘనపదార్థాల్లో ఈ చప్పుడు ఎలా పుడుతుందో 1976లో రోజెన్‌క్వైగ్, గెర్షో లెక్కగట్టారు. శరీరం మీదికి చూపు మళ్లింది ఆ తర్వాతే.

మన ఒంట్లో వెలుగు ఒక మిల్లీమీటరు దాటితే దారితప్పి చెదిరిపోతుంది. స్కానింగ్‌లో వాడే అల్ట్రాసౌండ్ లోతుకు పోతుంది గానీ రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో దానికి తెలియదు. అందుకే వెలుగును లోపలికి పంపి శబ్దాన్ని బయటికి రప్పించారు. లేజరు మెరుపు సెకనులో వంద కోట్లవ వంతులు కొన్ని మాత్రమే ఉంటుంది. హిమోగ్లోబిన్ దాన్ని పీల్చి డిగ్రీలో వెయ్యో వంతు వేడెక్కినా చాలు, పుట్టిన ఒత్తిడి చర్మం మీది సెన్సారుకు అందుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం వేర్వేరు రంగుల వెలుగును పీలుస్తాయి కనుక రెండూ విడివిడిగా తెలుస్తాయి. 2003లో లిహాంగ్ వాంగ్ బృందం ఎలుక మీసాలు కదిలించి, దాని మెదడులో రక్తప్రసారం ఎక్కడ మారిందో పుర్రె కోయకుండానే చూపించింది. ఈ రంగానికి అసలు మలుపు అదేనంటాను.

ఆ మలుపు తర్వాత చిక్కంతా లెక్కలోకి చేరింది. సెన్సార్లు శరీరం చుట్టూ పూర్తిగా అమరవు, అందిన శబ్దంలో రొద ఉంటుంది. అరకొర శబ్దం నుంచి బొమ్మ గీయాలి. ఈ పనిలో పేరు తెచ్చుకున్నవారిలో ఫణీంద్ర యలవర్తి ఒకరు. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉన్న పుట్టపర్తిలో, సత్యసాయి విద్యాసంస్థలో, 2001లో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశారు. 2007లో అమెరికాలోని డార్ట్‌మత్‌లో డాక్టరేటు పొంది, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో ఆచార్యులయ్యారు. మనోజిత్ ప్రామాణిక్ వంటి ప్రయోగశాస్త్రవేత్తలతో కలిసి, రొదను ఎంతవరకు అణచాలో కంప్యూటరే త్వరగా తేల్చుకునే పద్ధతిని 2013లో ప్రచురించారు. తర్వాత తక్కువ సెన్సార్లు విన్నదాన్ని డీప్ లెర్నింగ్‌తో పూరించే దారి పట్టారు. సెన్సార్లు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. నాకు ఇందులో ఆసక్తి అదే.

బెంగళూరుకు వెలుగు, శబ్దాల చుట్టరికం కొత్త కాదు. శబ్దతరంగాలు వెలుగును ఎలా వంచుతాయో రామన్, నాగేంద్రనాథ్ 1935లో అక్కడే వివరించారు. అల్ట్రాసౌండుతో స్ఫటికాలను పరీక్షించిన మన సూరి భగవంతం 1957 నుంచి 1962 దాకా ఐఐఎస్‌సీకే డైరెక్టరు.

రొమ్ము గడ్డల పరీక్షకు, వెలుగు పంపి శబ్దం వినే ఈ పద్ధతిలో పనిచేసే యంత్రానికి 2021లో అమెరికా అనుమతి దొరికింది. వైద్యంలో నిత్యం వాడుక కావడానికి ఇంకా దూరముంది. లేజరు ఖరీదు ఒక అడ్డంకి. చవకైన లేజరు డయోడ్లతో, ఎల్‌ఈడీలతో ప్రయత్నాలు సాగుతున్నాయి. రెండో అడ్డంకి గురించి మనమే గట్టిగా అడగాలి. చర్మంలోని మెలనిన్ వెలుగును పైనే పీల్చేస్తుంది. చర్మం ఎంత నలుపైతే లోపలికి వెలుగు అంత తగ్గుతుంది, బొమ్మ అంత మసకబారుతుంది. వేరుశనగ చేలల్లో ఎండకు కమిలిన కూలీల చేతుల మీద పరీక్షించి సరిదిద్దాకే ఈ యంత్రాలను మన ఆసుపత్రులు కొనాలి.