గులాబి పరిమళము

గులాబి యను మాట పారసీకము. అచ్చట దాని యర్థము పువ్వు కాదు, పన్నీరు. పరిమళమే ఆ పూవునకు పేరైనది.

వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు బేతవోలునకు తండ్రి పేరిడి జగ్గయ్యపేట గావించిన కాలమున చీనా గులాబులు ఓడలెక్కి ఐరోపా చేరుచుండెను. అక్కడివి చాలవరకు ఏట నొకమారే పూచునవి. చీనావి మరల మరల పూచునవి. ఈ వంశములు కలసి తరములు సాగగా, 1867లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున గియ్యో యను తోటకాపు 'లా ఫ్రాన్స్' అను సుగంధపుష్పమును వెలయించెను. హైబ్రిడ్ టీ గులాబులలో మొదటిదిగా దానినే యెన్నుదురు. పిదప రూపమునకును రంగునకును ఆశపడిన పెంపకమున పెక్కింటికి వాసన సన్నగిల్లెను.

నందిగామ, జగ్గయ్యపేటల నల్లరేగడిలో నీరు నిలిచిన వేరు కుళ్లును. కావున ఇసుకయు, మాగిన పెంటయు కలిపి మడి నెత్తు చేయవలెను. వానలు వెనుకబట్టిన పిమ్మట, అక్టోబరులో కొమ్మలు కత్తిరింపవలెను. అంటునకు దిగువ మొలచు అడవికొమ్మ మిక్కిలి ఏపుగా పెరుగును. దాని పుష్టి చూచి మురిసి విడిచితిమా, మేలిజాతి క్షీణించును, మొదలంట పెరికివేయవలెను.

మొక్క కొనునప్పుడు ప్రాతఃకాలమున పూవును మూర్కొని కొనుడు. ముందు వాసన, పిదపనే వన్నె.