గ్రంథి స్థానంలో మాత్ర: కార్టిసోల్ పుట్టుపూర్వోత్తరాలు

మూత్రపిండాల నెత్తిన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ప్రాణాధారమని వైద్యలోకానికి మొదట సూచించింది లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్. నీరసించి, చర్మం నల్లబడి చనిపోయినవారిలో ఈ గ్రంథులు చెడిపోయి ఉండటాన్ని ఆయన 1855లో గ్రంథస్థం చేశాడు. మరుసటి ఏడాది శరీరధర్మ శాస్త్రవేత్త బ్రౌన్ సెకార్ జంతువుల్లో రెండు గ్రంథులూ తీసేస్తే అవి చచ్చిపోయాయి. కోత వల్లే చచ్చాయని కొందరు వాదించారు. 1930లో స్వింగిల్, ఫిఫ్నర్ అనే పరిశోధకులు అడ్రినల్ గ్రంథి పైపొర సారం ఎక్కించి గ్రంథులు లేని పిల్లుల్ని బతికించాక ఆ వాదన నిలవలేదు. 1945లో శస్త్రవైద్యుడు హగ్గిన్స్ ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు రెండు గ్రంథులూ తొలగించినా, లోటు తీర్చే మందు లేక వాళ్లు దక్కలేదు. ఆ లోటు తీర్చే కార్టిసోన్ చేతికొచ్చాక, 1951 నాటికి, అదే ఆపరేషన్ తర్వాత రోగులు బతికారు.

దీంతో సమస్య తీరిందనుకోవడం పొరపాటు. దొరికింది పదార్థమే, అది ఎప్పుడు, ఎంత కావాలో కనిపెట్టే నేర్పు గ్రంథితోనే పోయింది. ఆరోగ్యవంతుల్లో ఈ గ్రంథులు స్రవించే కార్టిసోల్ తెల్లవారుజామున పెరుగుతుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది, జ్వరమొస్తే మళ్లీ ఎగబాకుతుంది. మాత్రగా మింగిన కార్టిసోల్, అంటే హైడ్రోకార్టిసోన్, రక్తంలో దాదాపు గంటన్నరకోసారి సగానికి తగ్గిపోతుంది. అందుకే గ్రంథులు లేని పెద్దలకు రోజుకు 15–25 మిల్లీగ్రాములు రెండు మూడు మోతాదులుగా, ఎక్కువ భాగం నిద్ర లేవగానే ఇస్తారు. రక్తపరీక్షలో అంకె సరిపోతే చాలదా అని అడగవచ్చు. చాలదు, మాత్ర వేసుకున్న గంటకు కనిపించే అంకె, సాయంత్రానికి కనిపించే అంకె ఒకటి కావు. విశాఖ ఉక్కు కర్మాగారంలో నైట్ షిఫ్ట్ చేసేవారికి ‘ఉదయం మాత్ర’ అంటే లేచాక వేసుకునే మాత్రే, అది ఏ వేళైనా సరే. రేవులో ఎండకు చెమటోడ్చి చొక్కా మీద ఉప్పు చారలు కట్టే మనిషికి, ఒంట్లో ఉప్పు నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ మోతాదునూ డాక్టరు మళ్లీ చూడాల్సి రావచ్చు.

స్టెరాయిడ్లు ఎముకలు గుల్ల చేస్తాయన్న భయం నిరాధారం కాదు. మోతాదు మించితే ఆ నష్టం నిజమే. కానీ ఇక్కడ ఇచ్చేది శరీరం కోల్పోయినంతే. ఆ భయంతో మాత్ర మానేస్తే, జ్వరంలో డాక్టరు చెప్పినట్టు రెట్టింపు చేయకపోతే, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. వాంతులై మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లినా, వీధి చివరి క్లినిక్‌కు వెళ్లినా ముందు చెప్పాల్సిన మాట ‘అడ్రినల్ గ్రంథులు తీసేశారు’ అన్నదే. గ్రంథి చేసే పని ఇక రోగి, ఇంటివాళ్లు, వైద్యుడు కలిసి చేయాలి. ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే వివరించి, కార్డు మీద రాసివ్వడం చికిత్సలో భాగం కావాలి.