ఆరు సిలిండర్ల ఇంజను: బలమెంత, వెల ఎంత?

మోటారు బండికి బలము పెట్రోలు వలన వచ్చునని అందరు అనుకొందురు. ఇంజనులోనికి కావలసినంత పెట్రోలు పంపుట సులభమే. కష్టమంతయు దానిని మండించుటకు చాలినంత గాలిని లోనికి చేర్చుటలో ఉన్నది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 15 గ్రాముల గాలి కావలెను. పంపుతో గాలిని బలవంతముగా నెట్టెడి ఇంజనులు కొన్ని కలవు. వాటికి వెల హెచ్చు, చిక్కులును హెచ్చు. పంపు లేని ఇంజనులో పిస్టను క్రిందికి దిగినపుడు ఏర్పడు ఖాళీలోనికి వాతావరణ పీడనమే గాలిని త్రోయును. ఉచితముగా లభించు ఈ త్రోపుతో, తక్కువ వెలలో, ఎంత బలము రాబట్టవచ్చును? ఇంగ్లండులోని కోవెంట్రీ నగరము 1948లో ఈ ప్రశ్నకు ఒక సమాధానము చూపినది.

1940 నవంబరు 14 రాత్రి జర్మను విమానముల బాంబులకు ఆ నగరము తగులబడినది. కర్మాగారములపై పడు నిప్పుబాంబులను ఆర్పుటకు ఉద్యోగులు వంతులవారీగా రాత్రి కాపలా ఉండెడివారు. ఎస్.ఎస్. కార్ల కంపెనీ అధిపతి విలియం లయన్స్ తన ఇంజనీర్లయిన విలియం హేన్స్, వాల్టర్ హాసన్, క్లాడ్ బెయిలీలకు ఒకే రాత్రి కాపలా పడునట్లు ఏర్పాటు చేసెను. బాంబులు పడని వేళలలో, యుద్ధము ముగిసిన తరువాత చేయవలసిన ఇంజనును గూర్చి చర్చ సాగెడిది. 1945లో ఆ కంపెనీయే జాగ్వార్ అను పేరు పెట్టుకొన్నది.

యుద్ధమునకు ముందు వారి ఆరు సిలిండర్ల ఇంజను 3485 ఘన సెంటీమీటర్ల పరిమాణముతో 125 అశ్వశక్తి ఇచ్చెడిది. బలము పెంచుటకు మార్గములు మూడు. పరిమాణము పెంచినచో లోహము, బరువు పెరుగును. వేగము పెంచినచో పిస్టనులు, కడ్డీలు తట్టుకొనవలెను. ఇక మూడవది, సిలిండరు నిండుగా గాలి పీల్చునట్లు చేయుట. హేన్స్ బృందము ముఖ్యముగా ఈ మూడవ దారి పట్టినది. పోత ఇనుప దిమ్మెపై అల్యూమినియము మూత, పెట్రోలు మండుటకు అర్ధగోళాకారపు గది, కవాటములను నడుపుటకు పైననే రెండు క్యామ్ షాఫ్టులు అమర్చిరి. గుమ్మటము వంటి గదిలో పెద్ద కవాటములు పట్టును. గాలి ప్రవాహమును కొలుచుటలో నేర్పరియైన హారీ వెస్లేక్, గాలి వచ్చు దారి వంపును తీర్చిదిద్దెను. పందెపు కార్లలో ఇట్టి ఏర్పాటు పాతదే. దానిని వేలకొలది కార్లకు చౌకగా చేయుటయే సాహసము.

నాలుగు సిలిండర్ల నమూనా కూడ చేసి చూచిరి. అందులో ముందువెనుకల కదులు బరువుల అదురు పూర్తిగా అణగదు. ఒకే వరుసలోని ఆరు పిస్టనులలో అట్టి బలములు ఒకదానినొకటి రద్దు చేసికొనును. ఆరే నిలిచినది.

1948 అక్టోబరులో లండను ప్రదర్శనలో ఎక్స్‌కె 120 కారు కనిపించినది. ఇంజను పరిమాణము 3442 ఘన సెంటీమీటర్లు. శక్తి, నిమిషమునకు 5000 చుట్ల వద్ద, 160 అశ్వశక్తి. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. రెండు చుట్లకొకసారి నిండుగా పీల్చినచో సెకనుకు 143 లీటర్లు, అనగా సుమారు 172 గ్రాముల గాలి. దానితో మండునది 11.5 గ్రాముల పెట్రోలు. గ్రాముకు 44 కిలోజౌళ్ల చొప్పున 506 కిలోవాట్లు. చక్రముల వైపు మరలినది 119 మాత్రమే! మిగిలినది పొగగొట్టమునకు, నీటికి, ఒరపిడికి పోయినది.

పన్ను గాక కారు వెల 998 పౌనులు. వెయ్యి దాటినచో కొనుగోలు పన్ను రెట్టింపు అగును గనుక ఆ రెండు పౌనుల తగ్గింపు! పన్నుతో 1263; అశ్వశక్తికి సుమారు 8 పౌనులు. 1950 నాటి ఆస్టన్ మార్టిన్ డిబి2 లోనిదియు ఆరు సిలిండర్ల ఇంజనే, శక్తి 105; వెల పన్నుతో 1900 పైచిలుకు, అనగా అశ్వశక్తికి 18. ఇంత భేదమునకు గల రహస్యము లోహములో లేదు. జాగ్వార్ ఇంజను పెద్ద కుటుంబపు కార్లకై ఉద్దేశింపబడినది. యంత్రముల ఖర్చు వేల ఇంజనులపై పంచుకొనబడెను.

చౌక ఇంజను నిలుచునా అను సందేహము ఉండనే ఉన్నది. 1949 మేలో బెల్జియములోని జబ్బెకె వద్ద ఆ కారు గంటకు 132 మైళ్లు దాటినది. 1952లో ఫ్రాన్సులోని మోంట్లేరీలో 7 పగళ్లు, 7 రాత్రులు సగటున 100 మైళ్లకు తగ్గక నడిచినది. ఈ ఇంజనుతోనే 1951, 1953, 1955, 1956, 1957 సంవత్సరములలో లె మాన్స్ 24 గంటల పందెము గెలిచిరి.

అయితే ప్రకటనలలోని అంకెలను జాగ్రత్తగా చదువవలెను. 1961 నాటి ఇ-టైపు కారులో 3781 ఘన సెంటీమీటర్లకు 265 అశ్వశక్తి అనిరి. 1964లో పరిమాణము 4235కు పెరిగినది. అంకె మాత్రము 265గానే ఉన్నది. పరీక్షా పీఠముపై కొలిచినంత శక్తి రోడ్డుపై దొరకదు. బ్రిటిషు సైన్యపు స్కార్పియన్ తేలిక టాంకులో ఇదే ఇంజనును, శక్తి బాగుగా తగ్గించి, వాడిరి. చివరగా 1992 వరకు డైమ్లర్ లిమౌసిన్ కార్లలో ఇది వచ్చుచుండెను.