పెరుగు నుంచి ప్రోబయోటిక్ దాకా: ఒక భావన చరిత్ర

పెరుగులోని సూక్ష్మజీవులు రోగనిరోధక శక్తిని పెంచుతాయన్న మాట నేడు సర్వసాధారణమైంది. ఈ భావనకు ఆద్యునిగా రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్‌ను పేర్కొంటారు. అయితే ఆయన ప్రతిపాదనకూ నేటి భావనకూ మధ్య గణనీయమైన అంతరం ఉంది. ఆ అంతరాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మెచ్నికోవ్ 1882లో ఇటలీలోని మెస్సీనాలో స్టార్‌ఫిష్ డింభకాలను పరిశీలిస్తూ, దేహంలోకి చొరబడిన వస్తువును చుట్టుముట్టే భక్షక కణాలను గుర్తించారు. రోగనిరోధకతపై చేసిన కృషికి 1908లో పాల్ ఎర్లిష్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. వార్ధక్యంపై ఆయన సిద్ధాంతం వేరు. పెద్దపేగులో కుళ్లు పుట్టించే బ్యాక్టీరియా విషాలను విడుదల చేస్తుందని, వాటివల్ల బలహీనపడిన కణజాలాన్ని భక్షక కణాలే కబళిస్తాయని ఆయన భావించారు. పులిసిన పాలలోని లాక్టిక్ ఆమ్లం ఆ కుళ్లును అరికడుతుందన్నారు. 1905లో స్టామెన్ గ్రిగోరోవ్ బల్గేరియా పెరుగులో గుర్తించిన బ్యాక్టీరియా ఈ వాదానికి ఊతమిచ్చింది. కాబట్టి మెచ్నికోవ్ పెరుగును సూచించింది రక్షక కణాలను ఉత్తేజపరచడానికి కాదు, వాటి దాడికి గురికాకుండా కణజాలాన్ని కాపాడడానికి.

ఆ బ్యాక్టీరియా మనిషి పేగులో స్థిరపడదని యేల్ విశ్వవిద్యాలయంలో రెట్గర్, చెప్లిన్‌ల పరిశోధన 1921 నాటికి చూపింది. దీంతో పరిశోధకుల దృష్టి పేగులో మనగల జాతులపైకి మళ్లింది. జపాన్‌లో మినోరు షిరోటా 1930లో అటువంటి బ్యాక్టీరియాను వృద్ధిచేశారు. 1935లో అది యాకుల్ట్ పానీయంగా విపణిలోకి వచ్చింది.

రోగనిరోధక వ్యవస్థతో ముడి ఆ తర్వాత బలపడింది. పేగు గోడలోని లసికా కణజాలం అక్కడి సూక్ష్మజీవులకు స్పందిస్తుందని, ఇమ్యునోగ్లోబులిన్-ఎ ఉత్పత్తిలో దానికి పాత్ర ఉందని తేలడంతో పాత ఆహారానికి కొత్త వివరణ లభించింది. జపాన్ 1991లో ఆరోగ్య ప్రయోజనం గల ఆహారాలకు ప్రత్యేక గుర్తింపు విధానాన్ని ప్రవేశపెట్టింది. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు ప్రోబయోటిక్‌ను నిర్వచించారు: తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు. ఈ నిర్వచనంలో రోగనిరోధకత ప్రస్తావన లేదు.

మన దేశంలో దీనికి బలమైన నిదర్శనం ఒడిశా గ్రామాల్లో లభించింది. 4,500కు పైగా నవజాత శిశువులపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, లాక్టోబాసిలస్ ప్లాంటారమ్‌ను ఒక పీచు పదార్థంతో కలిపి ఇచ్చినప్పుడు, సెప్సిస్ లేదా మరణం పాలైన శిశువుల శాతం 9 నుంచి 5.4కు తగ్గింది. అయితే ఈ ఫలితం ఆ నిర్దిష్ట బ్యాక్టీరియాకు, ఆ మోతాదుకు, ఆ వయసుకు చెందినది. దానిని ప్రతి పెరుగు గిన్నెకూ ఆపాదించలేం.

ఈ చరిత్రలో పేగు బ్యాక్టీరియాకు ప్రాముఖ్యం ఉందన్న మెచ్నికోవ్ ఊహ నిలిచింది. ఆయన ఎంచుకున్న బ్యాక్టీరియా, చూపిన కారణం నిలవలేదు. కనుక ఏ ఉత్పత్తినైనా ఆయన పేరుతో సమర్థించేముందు ఏ జాతి, ఎంత మోతాదు, ఎవరికి అన్న ప్రశ్నలకు సమాధానం వెతకడం అవసరం.