సాయీసు చెయ్యి, సియాసత్ చెయ్యి

మన ఇళ్లల్లో మొండి పిల్లగాడి సంగతి వస్తే రెండు మాటలు వినిపిస్తాయి. అబ్బా "లగాం బిగించాల" అంటాడు. నానీ "ప్యార్‌తో చెప్పు, వింటాడు" అంటుంది. లగాం మాట ఊరికే రాలేదు. మన కర్నూలు, కడప గడ్డ మీద గుర్రం చుట్టూ ఈ బహస్ శతాబ్దాలు నడిచింది. సఖ్తీనా, నర్మీనా?

కడప పక్కనున్న వల్లూరు 13వ శతాబ్దంలో కాయస్థ నాయకుల రాజధాని. కాకతీయ గణపతిదేవుడి కొలువులో పేరు తెచ్చుకున్న గంగయ సాహిణి ఆ వంశంవాడే. సాహిణి అంటే గుర్రాల్ని సాధించేవాడు, అశ్వదళానికి అధికారి. అంటే నవాబులు రాకముందే ఇక్కడ గుర్రం మిజాజ్ తెలిసినవాడికి పాలకుడి ఇజ్జత్ ఉంది. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణవిలాసం అని గుర్రాల మీదే ఒక గ్రంథం రాశాడు.

ఇంత ఇజ్జత్‌కు కారణం ఖరీదు. మేలిరకం గుర్రాలు హోర్ముజ్ నుంచి సముద్రం దాటి గోవా, భట్కల్ రేవుల్లో దిగేవి. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసినదాని ప్రకారం, హోర్ముజ్‌వీ దేశీవీ కలిపి విజయనగర రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడు. అంతకుముందు సాళువ నరసింహుడైతే దారిలో ఓడలో చచ్చిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బులిచ్చేవాడట. అట్లా ఓడ దిగిన జానవర్‌కు కొత్త నేల, కొత్త ఎండ, కొత్త మనుషులు, తొట్టిలో ఉడికించిన ఉలవలు. అది కరిచినా తన్నినా మొండితనం కాదు, ఖౌఫ్. ఆ తేడా పసిగట్టలేని చేతికి ఎంత ఖరీదు గుర్రమిచ్చినా దండగే.

తర్వాత పఠాన్ నవాబులొచ్చారు. కర్నూల్లో పన్నీలు, కడపలో మియానాలు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర నాసిర్ జంగ్, 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర ముజఫర్ జంగ్ హతమయ్యారు. ఇద్దరు దక్కన్ సుబేదార్లు రెండు నెలల్లో పడిపోయిన ఈ రెండు ఘటనల్లోనూ మన నవాబుల చెయ్యి ఉంది. వాళ్ల బలం సవార్లే.

ఆ కాలపు దక్కన్ ఫౌజుల్లో సవార్లు రెండు రకాలు. సిలాహ్‌దార్ సొంత గుర్రంతో కొలువుకొస్తాడు. బార్గీర్ ఇంకొకరి గుర్రమెక్కుతాడు. సిలాహ్‌దార్ గుర్రం చచ్చిందా, ఇంటిల్లిపాది రోజీ పోయినట్టే. అందుకే వాడు దాన్ని బిడ్డలా చూసుకుంటాడు. దీనికి ఇంకో వైపూ ఉంది. గుర్రం పోతుందన్న భయంతో సిలాహ్‌దార్లు గట్టి దెబ్బలాటలోకి దూకరని సర్దార్లు మొత్తుకునేవాళ్లు. అంటే నర్మీకి కూడా ఒక ఖీమత్ ఉంది. ఆ మాట దాచిపెట్టి చరిత్ర చెప్పకూడదు.

సఖ్తీ సామాను కూడా తక్కువేం కాదు. ముందు తాళ్లు అగాడీ, వెనక కాళ్లకు కట్టేవి పిఛాడీ. తల ఎత్తకుండా జేర్‌బంద్. అన్నిటికంటే ఘాటైనది ముళ్లున్న కాంటాదార్ లగాం. లాక్‌వుడ్ కిప్లింగ్ 1891లో హిందుస్తాన్ జంతువుల మీద రాసిన పుస్తకంలో ఈ ముళ్ల కళ్లాల్ని తప్పుబట్టాడు. దాని పని సింపుల్: లాగితే నోరు కోసుకుంటుంది, గుర్రం ఆగుతుంది. కానీ రోజూ లాగితే నోరు కాయ కాచి మొద్దుబారుతుంది. అప్పుడు ఇంకా పదునైన ముల్లు కావాలి. జుల్మ్‌కు ఎప్పుడూ ఇదే దారి, రేపటికి మోతాదు పెంచాల్సిందే.

మన మాటల్లో కూడా ఈ బహస్ దాగుంది. గుర్రాల్ని తయారుచేసేవాణ్ణి చాబుక్ సవార్ అంటారు. కొరడా పట్టినవాడనుకుంటాం. కానీ ఫార్సీలో చాబుక్ అంటే చురుకైన, హుషారైన అని కూడా అర్థం. వాడి గొప్ప చేతి చురుకులో ఉంది, కొరడాలో కాదు. ఇక సాయీసు. ఈ అరబ్బీ మాటకూ సియాసత్‌కూ ధాతువు ఒకటే. గుర్రాన్ని చూసుకోవడమనే అర్థం రాజ్యాన్ని నడపడం దాకా పోయింది. సుల్తానుల కాలపు ఫార్సీ రాతల్లోకొచ్చేసరికి సియాసత్ అంటే శిక్ష, చాలాసార్లు మరణశిక్ష. లాయం నుంచి దర్బారుకు చేరేలోపు ఆ మాట ఎంత కరుకైందో చూడండి.

మరి నర్మీ అంటే వదిలేయడమా? కాదు. 1858లో అమెరికన్ జాన్ రేరీ ఇంగ్లండ్‌లో క్రూయిజర్ అనే కరిచే గుర్రాన్ని దారికి తెచ్చాడు. ముందుకాలు మడిచి పట్టీ కట్టి, అది అలిసి పడుకునేదాకా సబ్ర్‌తో ఆగేవాడు. తర్వాత ఒళ్లంతా నిమిరేవాడు. లొంగదీయడం ఉంది, దెబ్బ లేదు. సహీహ్ ముస్లింలోని రివాయత్ కూడా ఇదే దారి చూపిస్తుంది. హజ్రత్ ఆయిషా (రజి.) ఎక్కిన ఒంటె మొరాయించింది. ఆమె దాన్ని అటూ ఇటూ గట్టిగా తిప్పసాగారు. రసూలుల్లాహ్ (స.అ.స.) రిఫ్ఖ్, అంటే మెత్తదనం పాటించమన్నారు. దిగిపొమ్మనలేదు, పగ్గం వదిలేయమనలేదు.

1800లో కడప, 1839లో కర్నూలు కంపెనీ చేతికి పోయాయి. సవార్ల రోజులు అయిపోయాయి. జీను, లగాం, రికాబు మన నోళ్లలో మిగిలాయి. నా మట్టుకు ఈ చరిత్ర అబ్బాకూ నానీకీ మధ్య తగాదా తీరుస్తుంది. లగాం ఉండాల్సిందే, అది ఎవరి చేతిలో ఉందో గుర్రానికి తెలియాల్సిందే. మాట విన్న క్షణాన దాన్ని వదులు చేయడం కూడా ఆ చేతికి రావాల. మన పిల్లల తర్బియత్‌లో బిగించడం అందరికీ వచ్చు. వదులు చేయడమే మనం మళ్లీ నేర్చుకోవాల్సిన హునర్.